నేడే చూడండి... తప్పక చూడండి!

ఈ కేక వింటే నాకు మా మామయ్యే గుర్తొస్తాడు. రిక్షాలో మైకు పట్టుకుని మా తెనాలి వీధుల్ని హోరెత్తించేవాడు. నాలుగేళ్ల క్రితం గొంతు కాన్సర్‌కి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, పలుకు పోయింది. అప్పట్నుంచీ ఆయన మాటలన్నీ పలక మీదే!

‘టాప్‌గన్’ (1986)లో ఐస్‌మ్యాన్‌గా మెరిసిన వాల్ కిల్మర్ 2025లో కన్నుమూశారు. ఆయన మాటా గొంతు కాన్సర్ వల్లే దెబ్బతింది. పాత రికార్డింగులు వినిపించి, 2021లో లండన్‌లోని సోనాంటిక్ సంస్థ కృత్రిమ మేధకు ఆయన గొంతు నేర్పింది. టైపు చేస్తే చాలు, ఆ గొంతే పలికేది!

అది చదివాక నాలో ఆశ పుట్టింది. కానీ మామయ్య గొంతు ఏదీ? ఊరంతా విన్నారు, ఒక్కరూ దాచలేదు! చివరికి అక్క పెళ్లి వీడియోలో రెండు నిమిషాలు దొరికింది. అందర్నీ భోజనాలకు పిలుస్తున్నాడు.

ఆయన సరేనన్నాక దాన్ని ఫోన్లో ఓ యాప్‌కి ఇచ్చి, “నేడే చూడండి” అని టైపు చేశాను. పలికింది. మామయ్య విని పలక మీద రాశాడు: “గొంతు నాదే. ఊపు నాది కాదు.”

నా మొహం చిన్నబోయింది. ఆయన మాత్రం ఫోన్ లాక్కుని, అక్షరాలు వెతుక్కుంటూ ఏదో కొట్టాడు.

“ఏమేవ్! కాఫీ!”

వంటింట్లో గిన్నె కిందపడింది. అత్తయ్య కాఫీ మాట మర్చిపోయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

మీ ఇంట్లో పెద్దవాళ్ల గొంతు ఎక్కడైనా దాచారా? లేకపోతే నేడే దాచండి... తప్పక దాచండి!