ప్రింటర్ ఇంకు ఒలికితే...

పిల్లల ప్రాజెక్ట్ వర్కుల పుణ్యమా అని ఇప్పుడు చాలా ఇళ్లలో ఇంకు ట్యాంకు ప్రింటర్ ఉంటోంది. సీసా వంచి ఇంకు నింపేటప్పుడు చెయ్యి కాస్త కదిలితే చాలు, నాలుగు చుక్కలు టేబుల్ మీదో చొక్కా మీదో పడతాయి. కంగారులో చాలామంది తడిగుడ్డతో గట్టిగా రుద్దుతారు. చుక్కంత మరక అరచేయంత అవుతుంది.

ముందు టిష్యూ కాగితంతో అద్దాలి. రుద్దకూడదు.

బట్ట మీద పడితే మరక కింద పాత తెల్లగుడ్డ మడిచి పెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో అంచుల నుంచి మధ్యకు అద్దుతూ రావాలి. రంగు కింది గుడ్డలోకి దిగుతుంది. ఆ గుడ్డను జరుపుతూ ఉండాలి. మరక పూర్తిగా పోకముందే ఇస్త్రీ చేస్తే వేడికి అక్కడే పట్టేస్తుంది. ఆల్కహాల్‌కు ఇట్టే మంట అంటుకుంటుంది కాబట్టి పొయ్యి దగ్గర ఈ పని వద్దే వద్దు.

ఇంకుల్లో రెండు రకాలు. డై ఇంకు కరిగిన రంగు, వెంటనే కడిగితే చాలావరకు వదులుతుంది. పిగ్మెంట్ ఇంకులో సన్నటి రేణువులుంటాయి, ఆరాక మొండికేస్తుంది. కొన్ని ప్రింటర్లలో నలుపు పిగ్మెంట్, మిగతా రంగులు డై.

లేజర్ ప్రింటర్ టోనర్ సంగతి వేరు. అది ప్లాస్టిక్ కలిసిన పొడి, వేడి తగిలితే కరిగి అతుక్కుంటుంది. దులిపి, చన్నీళ్లతోనే కడగాలి.

పాలరాతి గచ్చు మీద పడితే నిమ్మకాయ, వెనిగర్ జోలికి పోవద్దు. పులుపు రాయినే తినేస్తుంది.

ఈసారి ఇంకు నింపేముందు ప్రింటర్ కింద పాత పేపర్ పరిచి, చేతులకు గ్లవుజులు తొడుక్కోండి.