రాటర్‌డామ్ రేవులో పొగకు పద్దు

హాలండు వెళ్ళివచ్చిన మనవాళ్ళు తులిప్ తోటల గురించి, గాలిమరల గురించి చెబుతారు. నేను మా అమ్మాయి దగ్గరికి వెళ్ళింది 2025 జూన్‌లో కనుక పూలకాలం దాటిపోయింది. ఆ లోటు తీర్చింది రాటర్‌డామ్ ఓడరేవు. చెన్నైలో బ్యాంకు విదేశీ మారక విభాగంలో కూర్చుని ఎన్నో ఎగుమతి బిల్లుల మీద ఈ ఊరి పేరు చదివాను. కాగితం మీది పేరును కళ్ళారా చూడడం ఒక ముచ్చట.

యూరప్‌లో ఇదే అతి పెద్ద రేవు. ఊరి నడిబొడ్డు నుంచి ఉత్తర సముద్రం దాకా నలభై కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఎరాస్మస్ వంతెన దగ్గర విహారపడవ ఎక్కితే ఇరువైపులా క్రేన్లు, చమురు ట్యాంకులు, రంగురంగుల కంటైనర్ల గుట్టలు. సముద్రపు కొసన ఇసుక పోసి నేల చేసి, 2013లో కొత్త రేవు తెరిచారు.

మరునాడు మా అల్లుడు నన్ను మెట్రో రైల్లో హుక్ వాన్ హాలండ్ తీసుకువెళ్ళాడు. ఆ దారిలోనే నదీముఖానికి అడ్డంగా మూసుకునే తుఫాను గేట్లున్నాయి. 1997 నుంచి పనిచేస్తున్నాయి. ఒక్కొక్కటి 210 మీటర్ల పొడవు. సముద్రం పొంగితే ఊళ్ళోకి రాకుండా ఆపుతాయి.

హుక్‌లో ఇంగ్లండులోని హార్విచ్‌కు వెళ్ళే పెద్ద ఓడ ఆగి ఉంది. పొగ కనబడలేదు. "రేవులో ఉన్నంతసేపూ గట్టు మీది కరెంటు వాడుతుంది మామయ్యగారూ. ఇంజను ఆడిస్తే ఆ పొగకూ లెక్క కట్టాలి," అన్నాడు. ఓడల ఏజెన్సీలో పద్దులు చూసే మనిషి. నాకు ఆసక్తి పుట్టింది. అక్కడే బల్ల మీద కూర్చుని అడిగి తెలుసుకున్నాను.

యూరోపియన్ యూనియన్‌లో కర్మాగారాల పొగకు 2005 నుంచి అనుమతి పత్రాల పద్ధతి ఉంది. టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు, అంటే బడిలో మనం చదివిన బొగ్గుపులుసు వాయువుకు, ఒక పత్రం. ఏటా విడుదలచేసే పత్రాల సంఖ్య తగ్గుతూ వస్తుంది. కావలసినవారు వేలంలోనో బజారులోనో కొనుక్కోవాలి. 2024 జనవరి 1 నుంచి 5,000 గ్రాస్ టన్నులు, ఆపైన ఉన్న ఓడలనూ ఇందులో చేర్చారు. యూనియన్ రేవుల మధ్య తిరిగితే పొగ మొత్తానికీ, బయటి దేశానికి వెళ్ళినా అక్కడి నుంచి వచ్చినా సగానికీ పత్రాలు అప్పజెప్పాలి. హాంబర్గ్ వెళ్ళే ఓడకు పూర్తి లెక్క, హార్విచ్ ఓడకు సగం లెక్క.

భారం ఒక్కసారి పడకుండా వాయిదాలు పెట్టారు. లెక్కకు వచ్చే పొగలో 2024కు 40 శాతం, 2025కు 70 శాతం, 2026 నుంచి పూర్తిగా. ఏటి లెక్కకు పత్రాలు మరుసటి ఏడు సెప్టెంబరు 30లోగా అప్పగించాలి. తగ్గితే టన్నుకు కనీసం 100 యూరోల జరిమానా, పైగా ఆ పత్రాలూ ఇవ్వాల్సిందే.

వేళ్ళ మీద ఒక లెక్క వేశాను. చెన్నై నుంచి నేరుగా వచ్చే ఓడ వెయ్యి టన్నుల నూనె కాల్చిందనుకుందాం. సుమారు 3,100 టన్నుల వాయువు. అందులో సగం 1,550. పత్రం ధర రోజూ మారుతుంది కాని 70 యూరోలు అనుకుంటే, వాయిదాలు ముగిశాక ఒక్క ప్రయాణానికి 1,08,500 యూరోలు. మధ్యలో కొలంబోలో సరకు మరో ఓడకు మారితే లెక్క కొలంబో నుంచే మొదలవుతుంది. 2023 చివర ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక ఎన్నో ఓడలు ఆఫ్రికాను చుట్టి వచ్చాయి. దూరం పెరిగితే పొగా పెరుగుతుంది, పత్రాలూ పెరుగుతాయి.

ఈ ఖర్చు ఓడల కంపెనీ తన దగ్గర ఉంచుకోదు. కిరాయి బిల్లులో వేరే వరుసగా వేస్తుంది. సి.ఐ.ఎఫ్. పద్ధతిలో అమ్మిన ఆంబూరు తోళ్ళ వ్యాపారి అది తానే కట్టాలి. ఎఫ్.ఓ.బి. అయితే కొనేవాడు కట్టి, తర్వాతి ఆర్డరులో ధర తగ్గించమంటాడు. కంటైనరుకు విడివిడిగా చూస్తే చిన్న మొత్తమే. అయినా సన్నని లాభం మీద బతికే చిన్న వ్యాపారికి అదీ లెక్కే.

పొగ చేసినవాడు మూల్యం చెల్లించాలన్నది న్యాయమే. కాని కామర్సు చదివినవాణ్ణి కదా, ఖర్చు చూడగానే జమ ఎక్కడని వెతుకుతాను. వేలం సొమ్ములో ఎక్కువ భాగం యూరప్ దేశాల ఖజానాలకు, కొంత అక్కడి నూతన సాంకేతిక నిధికి చేరుతుంది. కట్టేవారిలో మనమూ ఉన్నాం, పుచ్చుకునేవారిలో లేము. ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి తేవాలని అంతర్జాతీయ నౌకాసంస్థ 2025 ఏప్రిల్‌లో ముసాయిదాను ఆమోదించింది. అక్టోబరులో లండన్‌లో తుది నిర్ణయాన్ని ఏడాది వాయిదా వేశారు.

తిరుగు రైల్లో ఆ తెల్లని గేట్లు గుర్తుకువస్తే కాకినాడ దగ్గరి ఉప్పాడ మనసులో మెదిలింది. అక్కడి కోతకు కారణాలు ఎన్నైనా ఉండవచ్చు. సముద్రమట్టం పెరిగేకొద్దీ అలాంటి తీరాలకు మరింత ముప్పు. గేట్లు కట్టుకోగలిగినవారు తమ సగం పద్దు రాసుకున్నారు. మిగతా సగం పేజీ ఖాళీగా ఉంది. అది మనం కూడా కూర్చుని రాయవలసిన పేజీ. రాసేటప్పుడు జమ వైపున ఉప్పాడలాంటి ఊళ్ళ పేర్లు ఉండేలా చూసుకోవాలి.