కొలను పక్కన గది

నేను దుబాయ్‌లో సేఫ్టీ ఆఫీసరునంటే అనకాపల్లిలో మా చుట్టాలు ఇప్పటికీ వాచ్‌మన్ ఉద్యోగమనే అనుకుంటారు. కాదండీ బాబూ అని చెప్పి చెప్పి మానేశాను. నేను చూసేది ఎక్కువగా విల్లాల్లో ఈతకొలనులు కట్టే పని.

కొలనులో ప్రమాదం అంటే అందరికీ నీళ్ళే గుర్తొస్తాయి. మా భయాలన్నీ నీళ్ళు రాకముందువే. ఇక్కడి ఇసుక నిటారుగా నిలవదు. గొయ్యి అంచులు వాలుగా తవ్వకపోయినా, దన్ను పెట్టకపోయినా జారి మనిషిని కప్పేస్తుంది. ఘనమీటరు ఇసుకంటే టన్నున్నర బరువు మరి! ఇక ఎండ సంగతి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నియమం.

ఇవి కంటికి కనిపించేవి. కనిపించనిది ఇంకొకటుంది. అంచుదాకా నిండి పొర్లే కొలనులు చూశారు కదా? ఆ పొర్లిన నీళ్ళు భూమిలో కట్టిన బ్యాలెన్స్ ట్యాంకులోకి వెళ్ళి, పంపు ద్వారా మళ్ళీ కొలనులోకొస్తాయి. ఆ ట్యాంకులోకి దిగడానికి మనిషి పట్టేంత మూత ఒక్కటే దారి. నీళ్ళు కారకుండా లోపలి గోడలకు వేసే కొన్ని పూతల్లో సాల్వెంట్ ఉంటుంది. దాని ఆవిరి గాలికంటే బరువు, అడుగున పేరుకుంటుంది.

2019లో ఒక విల్లాలో, నేను సైటుకి చేరకముందే, గాలి తోసే బ్లోయర్ రాకముందే, సబ్ కాంట్రాక్టరు మనిషిని లోపలికి దింపేశాడు. నేను వెళ్ళేసరికి మూత దగ్గర కేకలు. లోపల జగిత్యాల కుర్రాడు పిలిస్తే పలకడం లేదు. అతని ఊరివాడే ఒకడు "మావోడు సార్, నిమిషంల గుంజుకొస్త" అంటూ అప్పటికే కాలు లోపల పెట్టాడు. కాలరు పట్టి వెనక్కి లాగాను. నన్ను బాగానే తిట్టాడు పాపం. కాపాడబోయిన రెండోవాడూ మూడోవాడూ పోయేది ఇలాంటి చోటే. నయం, లోపలివాడి హార్నెస్‌కి తాడు కట్టి ఉంది. నలుగురం కలిసి పైకి లాగి, 998కి ఫోన్ చేశాం. కాసేపటికి కళ్ళు తెరిచి "ఏమైందన్నా?" అన్నాడు.

మర్నాడు సబ్ కాంట్రాక్టరు "ఏం కాలేదుగా సార్" అన్నాడు. నా సర్వీసులో అంత కోపం ఎప్పుడూ రాలేదు. నాలుగు రోజులు పని ఆపించాను.

మీ ఇంట్లో కొలను కట్టిస్తుంటే, మూత తెరిచే ముందు గ్యాస్ మీటరేదని అడగండి. ఆక్సిజన్, మండే ఆవిరి రెండూ అందులో తెలుస్తాయి. పిల్లలూ, ఆ మూత దగ్గర మీకేం పని లేదు!

సైటులో బోర్డులు ఇంగ్లీషు, అరబ్బీ, హిందీల్లో ఉండేవి. మా కుర్రాళ్ళలో చాలామందికి చదవడం వచ్చింది తెలుగే. అందుకే నా చేత్తోనే రాశాను: "గాలి కొలవకుండా దిగొద్దు. ఆక్సిజన్ 19.5 శాతం లేకపోతే దిగొద్దు. లోపలివాడు పడిపోతే నువ్వు దిగొద్దు."

నన్ను తిట్టిన కుర్రాడు మూడో వాక్యం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"సొంత తమ్ముడైనా సరే అని గూడ రాయుండ్రి సార్."

రాశాను.