కరువు సీమలో కాల్చిన రొయ్య

సూటిగా కొలిచినను తూర్పు సముద్రమునకు ఇంచుమించు 250 కిలోమీటర్ల దూరమున, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడినచో ఆ యేడు మంచిదేయని రైతు తలచెడి అనంతపురపు మెట్టభూమిపై, పేరునకు నదియయ్యును ఏటిలో అధికకాలము ఇసుకపఱపుగానే కనిపించెడి చిత్రావతి దరి, గోరంట్లలో కూర్చుండి, మసాలా పట్టించిన రొయ్యలను ఊచలకు గ్రుచ్చి నిప్పులపై కాల్చుకొని తినుటను గూర్చి వ్రాయబూనుట కొందఱకు పరిహాసముగా తోపవచ్చును. కొత్త జిల్లాల పంపకములో 2022 నుండి ఈ మండలము శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినది గాని, జిల్లా పేరు మాఱినంత మాత్రమున మేఘము దారి మాఱలేదు. అయినను నా వాదమొకటి కలదు. ఈ వంటకమునందు నీటి పాలు స్వల్పము, నిప్పు పాలు అధికము. రొయ్య యొక్కటి దక్క దీనికి వలయు సంభారములన్నియు సముద్రతీరమున కంటె ఈ ఎండుసీమయందే మేలైనవి దొరకును.

వేసవిలో మా యిండ్ల సంగతి ఎఱిగినవారికి దీని అవసరమును వేఱుగ చెప్పనక్కఱలేదు. పగలెల్ల 40 డిగ్రీలు దాటిన ఎండకు కాగిన మిద్దె, రాత్రి పది గంటల వఱకు ఆ వేడిని ఇంటిలోనికి వదలుచునే యుండును. అట్టి దినములలో పొయ్యికడ నిలిచి పులుసు మఱగించుట వండువారికి శిక్షయే. ఆ శిక్షను ఇల్లాలికి విధించి, తాము వసారాలో విసనకఱ్ఱతో కూర్చుండి, చేపల పులుసు మఱునాటికి ఇంకను రుచియెక్కునని ఉపన్యసించువారి రసికత నాకెన్నడును గౌరవింపదగినదిగా తోపలేదు. కుంపటిని మిద్దెపైకి మార్చినచో దాని వేడి ఆకాశమునకు పోవును. కాల్పుపని మగవారికి సయితము సులువుగా అబ్బును. ప్రొద్దున కెలికిన రాగిసంగటి ముద్ద, పలుచని మజ్జిగ, తఱిగిన ఉల్లిపాయ, ఒక మామిడికాయ చెక్క ఉన్నచో తక్కిన భోజనమునకై పొయ్యి రాజేయ నవసరమే లేదు.

శూలమున గ్రుచ్చి కాల్చుట మనకు కొత్తది కాదు. అభిజ్ఞానశాకుంతలము రెండవ అంకమున విదూషకుడు, వేటకు వచ్చిన దుష్యంతరాజు వెంట తిరిగి తిరిగి వేళతప్పి తినవలసివచ్చిన శూల్యమాంసమును తలచుకొని వాపోవును. ఆ నాటకమందే ఆఱవ అంకపు ముంగిట జాలరి రోహితమత్స్యమును ముక్కలు కోసి దాని కడుపులో రాజముద్రికను కనుగొనును. శూలమొక అంకమున, చేప మఱియొక అంకమున. రెంటిని ఒక్కచోట చేర్చుటకు కాళిదాసునకు తీరిక లేకపోయెను కాబోలు! పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున సంతరించిన మానసోల్లాసమున మాత్రము, మాంసఖండములను శూలమునకు గ్రుచ్చి నిప్పులపై కాల్చెడి భడిత్రకమును కలదు, గాలము వేసి చేపలు పట్టెడి మత్స్యవినోదమును కలదు. ఆయన రాజధాని కల్యాణి సముద్రపుటొడ్డున లేదు. మా గోరంట్లతో పాటు దక్కను పీఠభూమిపైననే యున్నది. తీరవాసులకు చేపయనిన మొదట స్ఫురించునది పులుసు, తరువాత ఇగురు. కాల్పుమీది మక్కువ లోపలి సీమలవారిదని నా అనుమానము. హిందూపురమునందో కదిరియందో రంజాను మాసపు సాయంకాలమున, ఇనుప సీకులపై కబాబులు త్రిప్పుచుండెడి దుకాణముల ముంగిట ఒక గడియ నిలిచినవారికి ఈ అనుమానము బలపడకపోదు.

ఇక చేప. కరువుసీమకు తనదైన చేప ఒకటి కలదు, అది కొరమీను. చెరువు అడుగంటి తక్కిన చేపలు వెలికిలపడినప్పుడు ఇది బురదలోనికి దూఱి, మొప్పలకు తోడుగా తలలోనున్న ప్రత్యేకావయవముతో గాలినే పీల్చుకొని, తడి మిగిలినంత కాలము ప్రాణము నిలుపుకొనును. మే నెలలో చెరువు నీరు గుంటలు గుంటలుగా చీలినప్పుడు ఊరివారు తట్టలతోను, ఊతలతోను, పాత చీరలతోను దిగి బురదయంతయు కలచివేయుదురు. పట్టిన కొరమీనుపై పొయ్యిబూడిద చల్లి గరుకుబండకు రుద్దుదురు; బూడిద జిగటను పీల్చును, బండ పొలుసును లేపును; అంతలో చేప చేయి జాఱి మన్నులో పడుటయు, పిల్లలు కేకలు వేయుటయు, మరల కడుగుటయు ఈ పనిలోని భాగములే. నడిముల్లు తీసివేసినచో సన్నముళ్ల బాధ లేని గట్టికండ కావున, గుండ్రముక్కలుగా గాక బొటనవ్రేలి మందమున చదరపు ముక్కలుగా కోసినచో ఊచపై చెదరక నిలుచును. శ్రీశైలము నీరు హంద్రీ-నీవా కాలువ వెంట పెనుకొండ దరి గొల్లపల్లి జలాశయము దాక వచ్చిన పిమ్మట, ఈ ప్రాంతమున బొచ్చె, శీలావతి చేపల మాట వినబడుట ఎక్కువైనది. దుష్యంతుని ఉంగరము మ్రింగినది ఈ శీలావతి జాతియే. రుచికి వంక పెట్టలేము గాని, కండలో చీలికముళ్లు దాగియుండుటచే చీకటివేళ మిద్దెపై కూర్చుండి తినుటకు ఇది పనికిరాదు.

రొయ్య మాట వేఱు. గోరంట్లకు అది మంచుపెట్టెలోనే రావలెను. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపు పడవల వేటను ప్రభుత్వము నిషేధించుచున్నది. కావున సరిగా మనకు ఊచలపై బుద్ధి పుట్టెడి వేసవిలో దొరకునది నెల్లూరు, కృష్ణా, గోదావరి ప్రాంతపు చెరువులలో పెంచిన వనామీ రొయ్య. 1990ల నడుమ తెల్లమచ్చ వ్యాధి టైగరు రొయ్యల చెరువులను ఊడ్చివేసిన తరువాత, 2009లో అనుమతి పొంది ఈ దేశమున అడుగిడిన పసిఫిక్ తీరపు జాతి ఇది. వెల చూచి కొనుటకంటె తల చూచి కొనుట మేలు. తల మొండెమునంటి గట్టిగా నుండి, పెంకు నిగనిగలాడి, నొక్కిన కండ తిరిగి లేచినచో తీసికొనవచ్చును. తల నల్లబడి వ్రేలాడుచున్నచో, అమ్మువాడు ఎంత బంధుత్వము కలిపి "అన్నా, ఇప్పుడే దిగిన సరుకన్నా" అన్నను, చిఱునవ్వు నవ్వి ముందునకు నడువవలెను.

మఱి నిప్పు? మా సీమ గొప్పయంతయు ఇందే యున్నది. 1877 ప్రాంతమున కడప జిల్లా కమలాపురమున అటవీశాఖవారు నాటించిన అమెరికా తుమ్మ, సర్కారు తుమ్మయను పేర ఒకటిన్నర శతాబ్దిలో రాయలసీమ బీళ్లను, వాగుగట్లను, చివరకు ఎండిన చెరువుల కడుపులను సయితము ఆక్రమించినది. దాని వేళ్లు నీటికై ఎంత లోతునకైన పోవును; అరిజోనాలోని ఒక గనిలో ఈ కుటుంబపు చెట్టు వేళ్లు 50 మీటర్లకు దిగువను కనబడినవి. రైతు దీనిని తిట్టని దినము లేదు. తిట్టుచునే కరువేట దీనినే నఱికి, పేర్చి, మన్ను కప్పి, లోలోన దినముల తరబడి మగ్గబెట్టి, బొగ్గు చేసి అమ్ముకొనును. అమెరికాలో మెస్కీట్ బొగ్గనిన కాల్పుప్రియులు వెదకి వెదకి కొందురు. ఆ మెస్కీట్ మన కంపచెట్టునకు దాయాదియే. నీరున్ననాడు చేప ఈదిన చోటనే నీరు లేనినాడు కంప మొలచి, ఆ కంప బొగ్గయి, ఆ చేపనే కాల్చుచున్నది. చెరువు పూడిపోయినందుకు సంతోషింపుమని నేను చెప్పుట లేదు. చెరువే తిరిగి నిండినచో బొగ్గులను కోస్తానుండి తెప్పించుకొనుటకు నాకేమియు అభ్యంతరము లేదు.

బొగ్గులమ్మెడి ముసలాయన ఒకడు ఈ విద్యనంతయు ఒక్క ముక్కలో చెప్పెను: "పొగ పోనీప్పా, సెగ రానీ. అప్పుడు పెట్టు సీకు." ఇంతకు మించి పాకశాస్త్రమున సూత్రము లేదు. బొగ్గు రాజుకొని, మంట తగ్గి, పైన తెల్లని బూడిద పొర కప్పువఱకు అరగంట ఓపిక పట్టవలెను; తరువాత జానెడెత్తున అరచేయి పట్టి, మూడు నాలుగు లెక్కించులోపల వెనుకకు లాగుకొనవలసి వచ్చినచో సెగ సరిగా నున్నట్లు. మంట ఉండగనే తొందరపడి పెట్టిన రొయ్య పైన మాడి లోన పచ్చిగా మిగులును.

మసాలాకు పెద్ద గ్రంథము వలదు. వెల్లుల్లి, అల్లము, ఉప్పు, ధనియాలు రోట నూఱి, పసుపును, మా యెఱ్ఱకారమును, గానుగపట్టిన వేరుసెనగనూనెను కలిపి పట్టింపవలెను. కొరమీను ముక్కలు ఒక గంట ఊరిన మంచిదే గాని, రొయ్యకు ఇరువది నిమిషములు చాలును. నిమ్మరసమును మాత్రము కడపట పిండవలెను. పులుపు నిప్పు తగులకమునుపే కండను ముడుచును, గంటల కొలది నానవేసిన రొయ్య కాలిన పిమ్మట పిండియై నమలుటకు సారము లేకుండును. ఇచ్చట నాదొక ఫిర్యాదు. పశ్చిమాఫ్రికాలో వసించెడి హౌసా జాతివారు, వేరుసెనగ పొడిని కారముతో కలిపి మాంసమునకు పూసి ఊచలపై కాల్చి సుయాయని అమ్ముదురు. ఇండోనేసియావారు సతే ఊచలను వేరుసెనగ పచ్చడిలో ముంచుకొని తిందురు. తరముల తరబడి వేరుసెనగనే నమ్ముకొని బ్రదికి, ఊరిబిండి వంటి పచ్చడిని కనిపెట్టిన అనంతపురము వారికి ఈ ఊహ ఏల తట్టలేదో తెలియదు! వేయించి కచ్చాపచ్చాగా దంచిన విత్తనములలో కాస్త కారము, ఉప్పు కలిపి, ఊచ దింపుటకు ఒక్క నిమిషము ముందు చల్లి చూడుడు. మొదటనే చల్లినచో అవి మాడి చేదెక్కును. ఆలోచించినచో, వనామీ, వేరుసెనగ, మిరప, తుమ్మ నాలుగును అమెరికా ఖండములనుండి వచ్చినవే. ఆ ఊచపై మొదటినుండి ఇచ్చటి కాపురమున్నవి పసుపు, కొరమీను వంటివి కొన్నియే.

వెదురు పుల్లలైనచో అరగంట నీట నానవేయవలెను. లేనిచో రొయ్యకంటె ముందు పుల్లయే కాలును. గుండ్రని చువ్వపై ముక్క నిలువదు, త్రిప్పినప్పుడు చువ్వ తిరుగును గాని ముక్క తిరుగదు. కావున కమ్మరిచేత బల్లపఱుపు సీకులు సాగదీయించుకొనుట ఉత్తమము, లేదా రెండేసి పుల్లలు జంటగా గ్రుచ్చుట మధ్యమము. సైకిలు పుల్లలను వాడువారు కలరు. వాని పైపూత సెగకు మంచిది కాదు, వలదు. రొయ్యకు ఒక్కొక్క ప్రక్క రెండు మూడు నిమిషములు, కొరమీనుకు నాలుగైదు. గడియారముకంటె కన్ను నమ్మదగినది: రొయ్య పైపొరలోని వర్ణద్రవ్యము వేడికి బంధము విడి బూడిదవన్నె పోయి ఎఱ్ఱతొగరు పైకి వచ్చును, రొయ్య కొడవలివలె వంగినప్పుడే తీయవలెను, ఉంగరమువలె చుట్టుకొనినదా, దుష్యంతునివలె ఆలస్యముగా తెలిసికొన్నవారమగుదుము.

వేసవిలో రొయ్య కొనబోవువారికి ఒక్క మనవి. చెరువు వనామీనే అడిగి కొనుడు. తూర్పు సముద్రపు పెద్దపడవ సరుకు, నేడే వచ్చినదని ఎవరైన అమ్మజూపినచో తేదీ చూచుకొని, జూన్ 14 దాటువఱకు ఆగుడు. తొట్టిలో కొరమీను బ్రదికి కనబడిననాడు మాత్రము రొయ్య మాట మఱచి దానినే కొనుడు.