స్వేచ్ఛా వ్యవస్థయు, చెదరిన చేతిపుస్తకములును

వెల లేని వస్తువు శ్రమ లేకయే చేజిక్కుననుకొనుట లోకసహజము. ఊరిబావి నీరు అందరిదే. అయినను చేద లేనివానికి దాహము తీరదు. స్వేచ్ఛా సాఫ్టువేరను పేర నేడు ప్రపంచమంతట వ్యాపించియున్న విద్యాధనము గూడ నట్టిదే. దానిని మన పొదిలి బాలబాలికలు వాడు యంత్రములలో నెలకొల్ప బూనినప్పుడు మాకు కలిగిన యనుభవమును చదువరులకు నివేదించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా విషయమును గూర్చి రెండు మాటలు. కంప్యూటరును నడిపించు మూలసాధనమును నిర్వహణ వ్యవస్థ యందురు. అది లేనిచో యంత్రము వట్టి యినుపపెట్టెయే. 1983వ సంవత్సరము సెప్టెంబరు నెలలో అమెరికా దేశీయుడగు రిచర్డు స్టాల్‌మను గ్నూ అను వ్యవస్థను నిర్మింపబోవుచున్నట్లు ప్రకటించెను. ఎవ్వరైనను దానిని వాడుకొనవచ్చును, లోపలి వ్రాతను చదివి మార్చుకొనవచ్చును, ప్రతులను పంచిపెట్టవచ్చును, మార్చినదానిని సైతము పంచవచ్చును. ఇవియే యా యుద్యమముయొక్క నాలుగు స్వాతంత్ర్యములు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనసు టోర్వాల్డ్సు లినక్సు అను కెర్నెలును వెలువరించెను. ఈ రెంటిని జతపరచి, వేలకొలది యితర సాధనములను చేర్చి లోకమున కందించు సంఘములలో నొకటి డెబియను. దానిని 1993 ఆగస్టులో ఇయాను మర్డాకు ప్రారంభించెను. నానాదేశముల స్వచ్ఛంద సేవకులు నేటికిని దానిని నడుపుచున్నారు.

మాకీ పని యేల తటస్థించినదనగా, విండోసు 10 అను వ్యవస్థకు సాధారణముగా వెల లేక లభించు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినవి. దాని తరువాతి దగు విండోసు 11 టి.పి.ఎం. 2.0 అను భద్రతాసాధనము గల యంత్రములనే కోరును. మా చేతనున్న పాతయంత్రములలో నది లేదు. తెరయు, మీటలపలకయు, లోపలి డిస్కును చక్కగానే పనిచేయుచున్నను, వానిని పాతసామానుల వానికి తూచి యిచ్చుట తప్ప గత్యంతరము లేదని కొందరు చెప్పిరి. మిరపకోతకు పోయి కూలి తెచ్చుకొను తల్లిదండ్రుల బిడ్డలు క్రొత్తయంత్రములను కొనగలరా? ఉన్నవి పోయినచో, వారు యంత్రమును ముట్టి నేర్చుకొను నవకాశమే పోవును. కావున డెబియను వ్యవస్థను నెలకొల్ప నిశ్చయించితిమి.

వ్యవస్థను తెచ్చుకొనుట కష్టము గాలేదు. దానిని స్థాపించు విధానము దెలుపు పత్రములను చేర్చుటయే కష్టమయ్యెను. పత్రములు లేక కాదు. మిక్కిలిగా నుండి యొకచోట లేకుండుటవలన. స్థాపనకొక చేతిపుస్తకము, ప్రతి సంచికకు వేరుగా విడుదల వివరములు, సేవకులు కూడి వ్రాసికొనిన విషయసంగ్రహము, వ్యవస్థలోపల ‘మ్యాన్’ అను పుటలు, గ్నూవారి ‘ఇన్ఫో’ గ్రంథములు, ఒక్కొక్క సాధనముతో వచ్చు చిన్న పత్రములు. పోనీ, పేరు దెలిసినచో పుట దొరకునా యనిన, అదియు నంత తేలిక కాదు. ‘పాస్‌వర్డ్’ పదమును కుదించి ‘పాస్‌డబ్ల్యుడి’ యను నొకే పేరున రెండు మ్యాన్ పుటలున్నవి. మొదటి విభాగములోనిది రహస్యపదమును మార్చు నాజ్ఞను గూర్చినది. ఐదవ విభాగములోనిది వాడుకరుల పట్టికయుండు ఫైలును గూర్చినది. విభాగసంఖ్య చెప్పక అడిగినచో సాధారణముగా మొదటిదే తెరమీద నిలుచును. రెండవది యున్నదని తెలియనివాడు దానిని అడుగనే అడుగడు.

ఈ చెదరుబాటునకు కారణముల నరసితిమి. మొదటిది, వ్రాయువారు అనేకులు. ఎవరు చేసిన భాగమునకు వారే వివరము వ్రాయుదురు. రెండవది, పత్రముల పంపకపు షరతులు. గ్నూవారి కొన్ని గ్రంథములలో మార్పరాని భాగములుండుటచే, అట్టివి పూర్ణస్వేచ్ఛ గలవి కావని డెబియనువారు 2006లో నిర్ణయించుకొనిరి. అందుచే కొన్ని సాధనములు ప్రధాన భాండారమునను, వాని చేతిపుస్తకములు వేరొక విభాగమునను చేరినవి. మూడవది కాలము. వై-ఫై వంటి పరికరములకు వలయు ఫర్మ్‌వేరును వేరుగా తెచ్చుకొనవలెనని యొక పత్రము చెప్పెను. అక్కరలేదని మరియొకటి చెప్పెను. విచారింపగా రెండును సత్యములే. 2022లో సంఘసభ్యులు వోట్లు వేసి నియమమును మార్చికొనిరి. 2023 జూనులో వెలువడిన 12వ సంచికనుండి ఫర్మ్‌వేరు స్థాపకముతోనే వచ్చుచున్నది. పత్రముపై సంచికసంఖ్య లేకుండుటయే చిక్కంతటికి మూలము.

అట్లే, 2025 ఆగస్టులో వచ్చిన 13వ సంచికలో 32 బిట్ల పాతయంత్రములకు స్థాపకము లేదు. మా యంత్రములలో మూడింటి కందువలన 12వ సంచికనే వాడవలసివచ్చినది.

ఈ సందర్భమున మాకు చార్లెసు ఫిలిప్పు బ్రౌను దొర జ్ఞప్తికి వచ్చెను. ఆయన మన తెలుగు కావ్యముల తాళపత్రప్రతులను పలుచోట్లనుండి తెప్పించి, కడపలో పండితులను నియమించి, పాఠములను పోల్చి శుద్ధప్రతులను వ్రాయించెను. 1852లో తెలుగు–ఆంగ్ల నిఘంటువును వెలయించెను. గ్రంథములు లోకమున లేకపోలేదు. పోల్చి యొకచోట చేర్చువారు కావలసియుండిరి. అదే పద్ధతిని చిన్నయెత్తున మేమును అవలంబించితిమి.

తొమ్మిదవ తరగతి విద్యార్థులు కొందరు సాయంకాలములందు మాతో కూర్చుండిరి. ఒక లావుపాటి నోటుపుస్తకములో ప్రతిమెట్టును తెలుగున వ్రాయించితిమి: తెరపై కనబడు ప్రశ్న, దానికి ఈయవలసిన జవాబు, అట్లేల యను కారణము, ఏ సంచికకు చెల్లును, ఏ దినమున పరీక్షించితిమి. స్వయముగా చేసి చూడని మాట నందులో చేర్చరాదని నియమము. దింపుకొనిన ప్రతి సరియైనదో కాదో తెలిసికొనుటకు, దాని 64 అక్షరముల తనిఖీసంఖ్యను ప్రకటిత సంఖ్యతో సరిపోల్చుట మొదటి మెట్టు. ఒక బాలుడు చదువ, మరియొకడు సరిచూచెడివాడు.

పుస్తకము ప్రయోజనము త్వరలోనే తెలిసినది. ఒక విద్యార్థిని తండ్రిగారు పత్తి, మిరపల లావాదేవీల లెక్కలున్న తమ యంత్రమును తెచ్చి, దీనిలోనూ క్రొత్తవ్యవస్థను వేయుడని కోరిరి. ఎక్కడనో దొరికిన పత్రమొకటి వారి చేతనుండెను. అందులో “డిస్కునంతయు వాడుము” అను మెట్టును ఎన్నుకొమ్మని మాత్రమే యుండెను. మా విద్యార్థిని దానిని చదివి, “అయ్యగారూ, అట్లు చేసిన నాన్న లెక్కలేమగునండీ?” అని యడిగెను. అన్నియు తుడిచిపెట్టుకొని పోవునని చెప్పితిమి. ఆ తండ్రిగారు కొంతసేపు మాటాడలేదు. అందులో మూడేండ్ల బాకీల వివరములున్నవట. రెండు పెన్‌డ్రైవులలోనికి లెక్కలను వ్రాసికొని, వేరొక యంత్రమున తెరచి చూచి, వారు తృప్తిపడిన పిమ్మటనే స్థాపన ప్రారంభించితిమి. నాటి రాత్రి ఆ బాలిక తన చేతివ్రాతతో పుస్తకమునకు మొదటిపుట చేర్చినది: “ముందు లెక్కలు దాచుము, దాచినవి తెరచి చూడుము, తరువాతనే తక్కిన పని.”

తెలుగును గూర్చి యొకమాట. 2011 ఫిబ్రవరిలో వెలువడిన డెబియను 6వ సంచికలో స్థాపకపు భాషలలో తెలుగు చేరినది. అదియు చిత్రరూపపు తెరకు మాత్రమే. మన గుణింతములను, ఒత్తులను సరిగా కూర్చిచూపుట వట్టి అక్షరపు తెరకు శక్యము గాదు. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థవారును తెలుగు వ్యవస్థకై కృషి చేసిరి. తెరమీది మాట తెలుగైనంతమాత్రమున చాలదు. సందేహము తీర్చు పత్రమును తెలుగున నుండవలెను. అట్టిది వ్రాయుటకు గొప్ప పండితుడే కానక్కరలేదు. చేసి చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాయగల బాలుడు చాలును.

బాలబాలికలారా! పుస్తకమిప్పుడు యంత్రముల గదిలో బల్లమీద నున్నది. ఎవరైనను చూచి వ్రాసికొనవచ్చును. కొత్త సంచిక వచ్చినప్పుడు పాతమెట్లను పరీక్షించి, మారినవానిని దిద్ది, తేదీ వేయవలెను. తల్లిదండ్రులును మూలబడిన యంత్రములున్నచో పారవేయక ముందొకసారి మా విద్యార్థులకు చూపవలెనని ప్రార్థించుచున్నాము. ఇతరులు వెల లేక యిచ్చిన విద్యను మనము గ్రహించితిమి. మనకు తెలిసిన నాలుగు మెట్లను తరువాతివారికి స్పష్టముగా వ్రాసియిచ్చుట మన విధి.