ఎస్సెన్ నగరంలో ఒక కోటు, నాలుగు విభక్తులు

జర్మనీ పశ్చిమ భాగాన, రూర్ నదీ పరిసరాల పారిశ్రామిక ప్రాంతంలో ఎస్సెన్ ముఖ్య నగరం. బొగ్గుకు, ఉక్కుకు ఒకప్పుడు అది పెట్టింది పేరు. 2018 నవంబరు, డిసెంబరు మాసాలలో శిక్షణ నిమిత్తం మన సంస్థ తరఫున మేము నలుగురం ఏడు వారాలు అక్కడ ఉన్నాము. యంత్రాల గురించి నేర్చుకొన్నదంతా నివేదికలో సమర్పించాము. దానిలో చోటు దొరకనిది ఒక మాట: ‘మాంటెల్’. అంటే పొడవాటి చలికోటు.

నవంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నర దాటితే చీకటి. ఎప్పుడూ తుంపర, ఈదురుగాలి. ఇంటి నుండి తెచ్చుకొన్న ఉన్ని స్వెటర్లు ఆ గాలికి చాలలేదు. కోటు కొనక తప్పదు, కొనడానికి నాలుగు మాటలు రాక తప్పదు. సాయంత్రపు భాషా తరగతులలో చేరాము. ఉపాధ్యాయిని మొదటిరోజే ఒక నియమం విధించారు. నామవాచకాన్ని ఒంటరిగా వ్రాసుకోరాదు. ముందుండే ఆర్టికల్‌తో కలిపి ఒకే మాటగా వల్లించాలి. మాంటెల్ కాదు, ‘డేర్ మాంటెల్’. డేర్ అంటే పుంలింగం, డీ అంటే స్త్రీలింగం, డాస్ అంటే నపుంసకం.

తెలుగువారికి లింగం వస్తువును బట్టి వస్తుంది. చీరైనా పంచైనా ‘అది’. చిన్నయసూరి లెక్కలో రెండూ అమహత్తులే. జర్మనులకు లింగం వస్తువులో లేదు, మాటలో ఉంది. మగవారి టై ‘క్రవాటె’ స్త్రీలింగం. ఆడవారి లంగా ‘రోక్’ పుంలింగం. గౌను, చొక్కా నపుంసకాలు. ప్యాంటు ఎవరు తొడిగినా స్త్రీలింగమే. మాలో ముగ్గురం నవ్వాము. బడిలో సంస్కృతం చదివిన నాలుగవ మిత్రుడు నవ్వలేదు. “భార్య అనే అర్థంలో ‘దార’ శబ్దం పుంలింగం, పైగా నిత్య బహువచనం. ‘కళత్రం’ నపుంసకం. ‘భార్యా’ స్త్రీలింగం. ఇంటిలో ఇల్లాలు ఒక్కతే, నిఘంటువులో మూడు లింగాలు. మనమా వీరిని చూచి నవ్వేది?” అన్నాడు.

ఇంజనీర్లకు సూత్రం మీద మోజు. ‘ఎల్’తో ముగిసే దుస్తుల పేర్లను పోగుచేశాము. నడుముకు గ్యుర్టెల్, చొక్కా చేతికి ఎర్మెల్, కాలికి ష్టీఫెల్, ఒంటికి మాంటెల్ – అన్నీ పుంలింగాలే. సూత్రం చిక్కిందని సంతోషించేలోగా పసిపిల్లలకు కట్టే గుడ్డ ‘విండెల్’ స్త్రీలింగమై కూర్చున్నది.

ఇక విభక్తులు నాలుగే. ‘రామః రామౌ రామాః’ వల్లించిన వారికి నాలుగొక లెక్కా అనుకొన్నాము. కాని మన భాషలో మార్పు మాట తోకలో ఉంటుంది: ఇల్లు, ఇంటిని, ఇంటికి. అక్కడ మార్పు తలలో ఉంటుంది. కర్తగా ఉంటే డేర్ మాంటెల్. కర్మగా ఉంటే డేన్ మాంటెల్. కోటుకు, కోటుతో అనవలసినప్పుడు డేమ్ మాంటెల్. కోటు యొక్క అన్నప్పుడు డెస్ మాంటెల్స్. ఈ చివరిదానిలో మాత్రం తోకకు కూడా ఒక ‘స్’ తగులుతుంది. బహువచనంలో మాట కడుపులోని అచ్చే మారి ‘మెంటెల్’ అవుతుంది. మరొక విశేషం: ఏకవచనంలో స్త్రీ, నపుంసక లింగాలకు కర్త, కర్మ రూపాలు ఒక్కటే. పుంలింగానికి మాత్రమే డేర్ పోయి డేన్ వస్తుంది. కనుక ప్యాంటు కొనేవానికన్నా కోటు కొనేవానికి వ్యాకరణం ఎక్కువ అవసరం.

రైల్వే స్టేషనుకు ఎదురుగా కెట్విగర్ వీధిలో అన్నీ దుకాణాలే, పాదచారులకే ప్రవేశం. మాలో పెద్దవాడు లోలోపల మననం చేసుకొని, ‘ఇహ్ జూఖె ఐనెన్ మాంటెల్’, అనగా ఒక కోటు కోసం చూస్తున్నాను, అన్నాడు. ‘ఐనెన్’ చివరి అక్షరం చెవిన పడగానే దుకాణంలోని పెద్దావిడ ఇంగ్లీషు మాని జర్మన్ అందుకొన్నారు. అది మర్యాదే గాని, ఆ తరువాత ఆవిడ చెప్పిన దానిలో ధర తప్ప మాకేమీ బోధపడలేదు.

ఆ రోజులలోనే, నవంబరు 11న, సెయింట్ మార్టిన్ పండుగ. పిల్లలు కాగితపు లాంతర్లు పట్టుకొని పాడుతూ వీధులలో నడుస్తారు. ముందు గుర్రం మీద రోమను సైనికుని వేషం. నాలుగవ శతాబ్దపు ఆ సైనికుడు, చలికి వణికే బిచ్చగానికి తన మాంటెల్‌ను కత్తితో చీల్చి సగం ఇచ్చాడని ఐతిహ్యం. చీల్చబడినది కర్మ గనుక ‘డేన్ మాంటెల్’ అని మాలో మేము గొణుక్కొన్నాము. గాలివాటం చూచి కోటు తగిలించేవాడని వారికొక జాతీయం కూడా ఉంది. మన ‘ఏ ఎండకా గొడుగు’ అన్నమాట.

ఆ మాట అసలు విలువ తెలిసింది మాత్రం డ్రాయింగు బల్ల వద్ద. కంప్రెసరు సిలిండరు చుట్టూ నీరు తిరిగే పొరను మనం వాటర్ జాకెట్ అంటాము (మన ఇళ్ళలో జాకెట్టు వేరు!). జర్మన్‌లో అది క్యూల్‌మాంటెల్. కేబులు పై తొడుగూ మాంటెలే. శంకువు పక్కతలం ‘మాంటెల్‌ఫ్లెఖె’ మాత్రం స్త్రీలింగం. సమాసానికి చివరి పదానిదే లింగం. సంస్కృత తత్పురుషంలోనూ అంతే.

యంత్రం నడిపే సూచనలకు ఇంగ్లీషు అనువాదం ఒక బయటి సంస్థ చేసి ఇచ్చింది. ‘నీరు జాకెట్‌లో ప్రవహించును’ అని రెండు చోట్ల ఒకే తీరున ఉన్నది. మూలం తీసి చూశాము. మొదటి చోట ‘ఇన్ డేన్ మాంటెల్’, రెండవ చోట ‘ఇమ్ మాంటెల్’. ఇమ్ అంటే ‘ఇన్ డేమ్’కు కుదింపు. లోనికి పోయేటప్పుడు డేన్, లోపల ఉన్నప్పుడు డేమ్. మన ‘లోనికి’, ‘లో’ల భేదమే. మొదటిది చేయవలసిన పని: వాల్వు తెరచి నీటిని జాకెట్‌లోనికి వదలాలి. రెండవది సరిచూడవలసిన షరతు: నీరు జాకెట్‌లో తిరుగుతున్నదని కంటితో చూచిన తరువాతనే మోటారు మీట నొక్కాలి. అనువాదం ప్రకారం రెండూ వర్ణనలే. ఎవరూ ఏదీ చేయనక్కరలేదు. నీరు లేని జాకెట్‌తో కంప్రెసరు నడిస్తే సిలిండరు గతి ఏమిటో మన నిర్వహణ విభాగం వారికి చెప్పనక్కరలేదు. అక్కడి ఇంజనీర్లు అరగంట చర్చించి, సవరణ పత్రం చేతికిచ్చారు.

డిసెంబరులో ఒక ఆదివారం త్సోల్‌ఫెరైన్ గనిని చూశాము. 1986లో మూతపడి, 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. గని కార్మికులు దిగేముందు తమ దుస్తులను గొలుసు కొక్కేలకు తగిలించి, పైకప్పు దాకా లాగి తాళం వేసుకొనేవారట. కొత్తగూడెంలో పుట్టి పెరిగిన మా మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ‘మెంటెల్’ అనే బహువచనం వాడి, ఆ కోటులన్నీ ఏమైనాయని అడిగాడు. ఇంటికి తీసుకుపోయారని మార్గదర్శకుడు బదులిచ్చాడు. మేము బయలుదేరే రోజులలోనే, డిసెంబరు 21న, పక్కనున్న బోట్రోప్‌లో జర్మనీ చివరి రాతిబొగ్గు గని కూడా మూతపడింది.

మా కోటులు నాలుగూ ఇప్పుడు విభాగపు బీరువాలో ఉన్నాయి. శీతాకాలంలో ఆ దేశం వెళ్ళే యువ ఇంజనీర్లు తీసుకుపోయి, తిరిగి తెచ్చి పెడుతున్నారు. ప్రతి కోటు లోపలి జేబులోను డేర్, డేన్, డేమ్, డెస్ వ్రాసిన అట్టముక్క ఉంటుంది.