తీగ రాని రోజులు

పోయిన వానాకాలం మా ఆయనకి నడుముకి ఆపరేషన్ అయింది. బరువులెత్తకూడదన్నారు డాక్టర్లు. నూజివీడు పక్కన మాకు మామిడి తోట ఉంది. ఆగస్టు వానలకి తోటలో గడ్డి నడుం దాకా లేచింది. తుంగ, వయ్యారిభామ, వాటి మీద అల్లుకున్న తీగలు. కూలీలంతా వరి నాట్లకి పోయారు. గడ్డి కోత మిషన్ ఇంట్లోనే ఉంది. ఇక నేనే నడపాల్సి వచ్చింది.

మిషన్ అంటే నాకు భయం లేదు. గడ్డిలో కూర్చోవాలంటేనే భయం. అంతకు ముందు ఏడాది అదే తోటలో మా పనివాణ్ణి రక్తపింజరి కరిచింది. పాదం మీద కరిస్తే కాలు మోకాలి దాకా వాచిపోయింది. ప్రభుత్వాసుపత్రిలో విరుగుడు ఎక్కించారు కాబట్టి బతికాడు. నిలబడి కోసేటప్పుడు కాళ్లకి పొడుగు బూట్లుంటాయి. మిషన్ హెడ్డులోంచి గడ్డి కోసే నైలాన్ తీగ రావడం ఆగిపోతే మాత్రం గొంతుక్కూర్చుని ఆ హెడ్డు విప్పాలి. చేతులు నేల దాకా పోతాయి.

మొదటి రోజు పొద్దున్న బాగానే తెగింది. ఇంజను పూర్తి వేగంలో ఉండగా హెడ్డు కింది గుండీని నేలకి తాటిస్తే లోపలి రీలు కాస్త తిరిగి, రెండు వైపులా నైలాన్ తీగ వదులుతుంది. ఎండ ఎక్కేసరికి తాటించినా రావడం మానేసింది. ఇంకా గట్టిగా తాటించాను. మట్టి లేచింది గానీ తీగ రాలేదు. ఇంజను ఆపి, ప్లగ్గు క్యాపు పీకి, మూత తీశాను. రీలు మీది చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, ముద్దయిపోయిన సేమ్యాలా ఉన్నాయి. కత్తితో కోసి విడదీసి మళ్లీ చుట్టాను. రెండు సాళ్లు తెగింది, మళ్లీ ఆగింది.

గట్టు మీద పోయేవాళ్లు నిలబడి చూశారు. ఒకాయన, "ఎందుకమ్మా మీకీ తిప్పలు, మందు కొట్టించేయండి" అన్నాడు. మాట మంచిదే. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి అన్నం పెట్టుకున్నాను గానీ ముద్ద దిగలేదు. మా ఆయన మంచం మీంచి ఏదో చెప్పబోతే కసురుకున్నాను.

మర్నాడు ఇంకా అన్యాయం. మూత తీస్తుంటే లోపలి స్ప్రింగు ఎగిరి గడ్డిలో పడింది. అది లేకపోతే రీలు నిలవదు. ఎక్కడ పడిందో చూశాను. చెయ్యి పెట్టలేకపోయాను. కాళ్లు వణికాయి. గడ్డి కదిలితే గాలో, పామో తెలియలేదు. పక్క తోట వదినకి ఫోన్ చేశాను, మాట సరిగా రాలేదు. ఆవిడ కర్ర పుచ్చుకుని వచ్చింది. ముందు చుట్టూ కొట్టింది. తర్వాత కొడవలితో గడ్డి కొంచెం కొంచెం కోసి పక్కన పెడుతూ వెతికింది. "నువ్వు గట్టెక్కు, నే చూస్తాలే" అంది. స్ప్రింగు దొరికింది. ఆ రోజు ఇక కోయలేదు.

నైలాన్ బదులు మోటార్ సైకిల్ క్లచ్ వైరు కట్టమని ఒకరు సలహా ఇచ్చారు. ఊళ్లో కొందరు కడతారట. నాకూ ఆశ పుట్టింది. మూడో రోజు మిషన్ ఆటోలో వేసుకుని మెకానిక్ దగ్గరికి పోయి అదే అడిగాను. కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో, "వద్దమ్మా, ముక్క తెగి ఎగిరిందంటే తూటాయే. కాలైనా పోద్ది, కన్నైనా పోద్ది" అన్నాడు. అని ఊరుకోకుండా హెడ్డు విప్పి ఒక్కొక్కటీ చూపించాడు.

తీగ బయటికొచ్చే కన్నాలు అరిగి గాడి పడ్డాయి. తీగ అక్కడే కోసుకుపోతోంది. పైన రక్షణ రేకు, దానికుండే చిన్న కత్తీ ఎప్పుడో తీసేసి ఉన్నాయి. అవి లేక తీగ అతిగా పొడుగై, ఇంజను మీద బరువు పడి వేడెక్కుతోంది. రాళ్లకీ చెట్ల మొదళ్లకీ కొట్టుకున్నప్పుడు పుట్టే వేడికి చుట్లు కరిగి అతుక్కుంటున్నాయి. కొట్లో ఇచ్చిన తీగ పాతదై ఎండిపోయింది. కొత్త హెడ్డు వేయడానికి షాఫ్టు తిరగకుండా కన్నంలో కడ్డీ దూర్చి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే పాతది ఊడింది. అది ఎడమ మర. మామూలు నట్టు అనుకుని తిప్పితే ఇంకా బిగుస్తుంది.

తీగ చుట్టడం నా చేతే చేయించాడు. రీలు మీద బాణం గుర్తు చూపించే వైపే చుట్టాలి. బిగువుగా, పక్కపక్కనే, ఒక చుట్టు ఇంకోదాన్ని దాటకుండా. అంచు దాకా నింపకూడదు. హెడ్డు మీద ఎంత మందం రాసి ఉంటే అంతే వాడాలి. ఎండిన తీగని రాత్రంతా నీళ్లలో నానబెడితే మెత్తబడుతుంది. బయట తీగ బెత్తెడు కన్నా పొట్టిదైతే తాటించినా రాదు, అంతకు ముందే తాటించాలి. మొదటిసారి అడ్డదిడ్డంగా చుట్టాను. విప్పేసి మళ్లీ ఇచ్చాడు. కొట్లో మనుషులున్నారు, అయినా విసుక్కోలేదు. హెడ్డుకీ రేకుకీ డబ్బు తీసుకున్నాడు, నేర్పినదానికి తీసుకోలేదు.

ఆ తర్వాత తీగ వచ్చింది. కొసతోనే కోశాను, మొదళ్ల దగ్గరికి పోలేదు. అక్కడ వదిన కొడవలితో చేసింది. నేను ఆగినప్పుడల్లా కర్రతో వచ్చి పక్కన నిలబడింది. ఆవిడ సొంత తోటలోనూ పనుంది. ఆ పని ఆపుకునే వచ్చింది.

భయం పోలేదు. ఇప్పుడు తీగ ఆగితే అక్కడే కూర్చోను. ఇంజను ఆపి, కోసిన దారినే గట్టు మీదకి వచ్చి, పాత దుప్పటి పరిచి దాని మీద విప్పుతాను. స్ప్రింగు ఎగిరినా దుప్పటి మీదే పడుతుంది. ఒంటరిగా తోటలోకి పోవడం మానేశాను. వెనక కాలవ గట్టు మాత్రం నా వల్ల కాలేదు. నాట్లయ్యాక ఇద్దరు మనుషుల్ని పెట్టి కోయించాం.